గజ్జెలవాగుకు పురుడు పోసిన అంకాలమ్మ

అనగా అనగా, మీ ముత్తాతకు ముత్తాత ఇంకా పాలు తాగడం కూడా నేర్వని రోజుల్లో, ఒక పట్నం ఉండేది. ఊఁ కొట్టండి. ఈ కథ చెబుతున్నంతసేపూ ఎవరో ఒకరు ఊఁ కొడుతూ ఉండాలి. మీరు కొట్టకపోతే ఇంకెవరో కొడతారు. అది మనకు వద్దు.

ఆ పట్నం మధ్యలోంచి ఒక వాగు పారేది. పెద్దదేం కాదు. ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటేసేంత వాగు. రాళ్ళ మీదుగా గలగలమంటూ పోతుంటే, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఆడపిల్ల పరిగెత్తినట్టుండేది. అందుకని దాన్ని గజ్జెలవాగు అనేవాళ్ళు. తాగేది ఆ నీళ్ళే. వండేది ఆ నీళ్ళే. పుట్టిన బిడ్డకు తొలిస్నానం ఆ నీళ్ళే.

ఆ పట్నంలో అంకాలు అని ఒక మంత్రసాని ఉండేది. ఇంటింటికీ తిరిగి కాన్పులు చేసేది. మొగుడు ఎప్పుడో పోయాడు. నాంచారి అని ఒక్కతే కూతురు. పట్నంలో సగం మంది అంకాలు చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. పడితే మాత్రం ఏం? నొప్పులు పడుతున్నంతసేపూ "అంకాలమ్మా, తల్లీ, నువ్వే దిక్కు" అనేవాళ్ళు. బిడ్డ బయటపడగానే "అంకాలూ, ఆ గడప అవతల కూర్చోవే" అనేవాళ్ళు. అన్నం దొడ్డివాకిట్లో పెట్టేవాళ్ళు. అదీ ఇంట్లో అందరూ తిన్నాక, మిగిలితే.

అంకాలు పనిలో ఒక పద్ధతి ఉండేది. బిడ్డ పుట్టగానే చిటికెనవేలికి మెత్తటి పాతగుడ్డ చుట్టేది. ఆ వేలు బిడ్డ నోట్లో పెట్టి, గొంతుకు అడ్డంపడ్డ జిగురు తీసేది. "ఏడు తల్లీ, ఏడు" అనేది. బిడ్డ కేరుమనేది. ఆ కేక విన్నాకే అంకాలు చెయ్యి కడుక్కునేది. అంతదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఇక వాగు ఒడ్డున అద్దకాల వీధి ఉండేది. చీరలకు రంగులు వేసేవాళ్ళుండే వీధి. వాళ్ళకు పెద్ద భద్రయ్య. రంగు దించాక మిగిలిన నీళ్ళను ఊరి బయట గుంటలో పొయ్యాలని వాళ్ళ తాతలనాటి కట్టుబాటు. గుంట దూరం. వాగు దగ్గర. ఇంక మీకు వేరే చెప్పాలా?

ఒకనాడు తెల్లవారకముందే భద్రయ్య ఎర్రరంగు తొట్టి వాగులో ఒంపేశాడు. ఎవరూ చూడలేదులే అనుకున్నాడు. తెల్లారి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చారు. చూస్తే వాగంతా ఎర్రగా ఉంది. అందరూ కొయ్యబారిపోయారు. అప్పుడొక ముసలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓసి మీ దుంపతెగ! అలా గుడ్లప్పగించి చూస్తారేమే! మన వాగు పెద్దమనిషయిందే!"

నవ్వకండి. వాళ్ళకు వాగంటే ఇంట్లో ఆడపిల్ల కిందే లెక్క. ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషైతే ఏం చేస్తారో అన్నీ చేశారు. ఒడ్డున పందిరి వేశారు. బుట్టలకొద్దీ పసుపూ కుంకుమా తెచ్చి నీళ్ళలో పోశారు. నువ్వులూ బెల్లం కలిపి చిమ్మిలి దంచారు. కొత్తచీర తెచ్చి వాగులో వదిలారు. ఇంత వేడుకకు పాట పాడే పెద్దముత్తైదువ కావాలి, పాటలన్నీ వచ్చిన మనిషి అంకాలే. మొగుడు లేనిదైనా పర్వాలేదు, మంత్రసాని కదా అని ఆమెనే పిలిచారు. పాట పాడించుకున్నారు. పాడిన గొంతు బాగుందని, పందిట్లో కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆమెకే విస్తరి వేశారు.

తొలి విస్తరి! అంకాలు ఆ అన్నం వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక గడప ఇవతల తినడం అదే మొదలు.

భద్రయ్య మాత్రం నోరు మెదపలేదు. రంగు పోసింది నేనే అంటే పండగ ఆగిపోతుంది, పైగా వీపు చిట్లుతుంది. మేళం మోగింది. విస్తళ్ళు లేచాయి. లేచిన విస్తళ్ళు వాగులో పడ్డాయి. వాగు గలగల కొంచెం తగ్గింది. మేళం హోరులో ఎవరికీ వినపడలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వీధిలో పిట్టపురుగు లేదు. అంకాలు ఇంటి అరుగు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్లను అంకాలు ఎప్పుడూ చూడలేదు. తను పురుడు పొయ్యని పిల్ల పట్నంలో ఎక్కడిది? ఎండ నడినెత్తిన మండుతున్నా పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కారిన నీళ్ళు నేలలో ఇంకడం లేదు. అరుగు దిగి, వీధి వెంబడి, వాగు వైపు నడిచిపోతున్నాయి.

"అమ్మా, నేను పెద్దమనిషిని కాలేదమ్మా" అంది పిల్ల. "నాకు దెబ్బ తగిలింది."

అంకాలు చేతిలో నిన్నటి చిమ్మిలి ముద్ద ఉంది. "ఎవరి పిల్లవే నువ్వు? పో, ఇంటికి పో" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ వారంలోనే కుమ్మరివాళ్ళ ఇంట్లో కాన్పు. బిడ్డ పుట్టింది. అంకాలు చిటికెనవేలికి గుడ్డ చుట్టి గొంతు తుడిచింది. బిడ్డ ఏడ్చింది కానీ, దూరంగా పక్కవీధిలోంచి ఏడ్చినట్టు ఏడ్చింది. వేలికున్న గుడ్డ చూసుకుంటే ఎర్రగా ఉంది. నెత్తురు ఎరుపు కాదు. చీర ఎరుపు. అంకాలు ఆ గుడ్డను గబగబా పొయ్యిలో పడేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు భద్రయ్య పసుపురంగు తొట్టి ఒంపేశాడు. ఈసారి దాక్కుని ఒంపాల్సిన పని కూడా లేకపోయింది. ముసలమ్మే ముందు అందుకుంది. "ఇంకేముందే, మన వాగుకు పెళ్ళిఘడియ వచ్చింది. పసుపు పూసుకుంది చూడండి!" మళ్ళీ పందిరి. మళ్ళీ బుట్టలు. పూలదండలు వాగులో వదిలారు, తలంబ్రాలు వాగులో పోశారు. మళ్ళీ అంకాలు పాట. మళ్ళీ తొలి విస్తరి. మేళం మోగింది. విస్తళ్ళు లేచాయి. లేచిన విస్తళ్ళు వాగులో పడ్డాయి. వాగు గలగల గుసగుస అయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. కనుగుడ్లు పచ్చగా ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది.

"అమ్మా, నాకు పెళ్ళి కాలేదమ్మా. నాకు కామెర్లొచ్చాయి."

అంకాలు ముఖం తిప్పుకుంది. పచ్చకామెర్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలియక కాదు. తెలుసు కనకే తిప్పుకుంది. వాగుకు జబ్బు చేసిందంటే ఇక పందిరుండదు. పందిరి లేకపోతే మళ్ళీ దొడ్డివాకిలే.

ఆ వారంలోనే పూలమ్ముకునే ఆమెకు కాన్పు. బిడ్డ పిల్లికూనలా మ్యావుమంది, అంతే. వేలిగుడ్డ పచ్చగా ఉంది. అంకాలు దాన్నీ పొయ్యిలో పడేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పూట అన్నం సయించలేదు.

మూడోసారి ఆకుపచ్చ తొట్టి. "ఆకుపచ్చ గాజులు వేసుకుందే! నీళ్ళోసుకుంది మన వాగు! సీమంతం చెయ్యాలి!" అంది ముసలమ్మ. నీళ్ళే తానైన వాగు నీళ్ళోసుకోవడమేమిటని అడిగినవాడు లేడు. గాజుల మలారాలు వాగులోకి ఒంపారు. మేళం మోగింది. విస్తళ్ళు లేచాయి. లేచిన విస్తళ్ళు వాగులో పడ్డాయి. ఈసారి వాగు ఏమీ అనలేదు. చిక్కగా, నురగతో, చప్పుడు లేకుండా పోతోంది. పడుకున్న మనిషి కడుపు లేచి పడినట్టు నీళ్ళు లేచి పడుతున్నాయి. చూసినవాళ్ళంతా "బిడ్డ కదులుతోంది" అని మురిసిపోయారు.

ఈసారి కాన్పు భద్రయ్య ఇంట్లోనే. కోడలికి కొడుకు పుట్టాడు. అంకాలు గొంతు తుడిచింది. "ఏడు నాయనా, ఏడు" అంది. బిడ్డ నోరు తెరిచాడు. ముఖం కందగడ్డ అయింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చప్పుడు లేదు. కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది, వీపు మీద చరిచింది. చప్పుడు లేదు. బిడ్డ బతికే ఉన్నాడు. గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు, చప్పుడు లేకుండా. అంకాలు వేలిగుడ్డ విప్పి చూడలేదు. చూడక్కర్లేదు. కొంగులో ముడి వేసుకుని ఇంటికి నడిచింది.

ఇంట్లో పురిటికొచ్చిన నాంచారి నిండు నెలలతో ఉంది. తొలిచూలు. అప్పుడు పట్టుకుంది అంకాలుకు భయం.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పిల్ల వచ్చింది. అరుగు మీద కూర్చోలేకపోయింది, పడుకుంది. పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం పెదాల్లోంచి రాలేదు. ఇంట్లో మూలనున్న నీళ్ళకుండలోంచి వచ్చింది.

"అమ్మా, నేను కడుపుతో లేను. నా కడుపులో ఉన్నదంతా మీరు పోసిందే. అది కుళ్ళిపోయింది."

అంకాలు ఈసారి తలుపు వేసుకోలేదు. పిల్ల పక్కన కూర్చుంది. తల మీద చెయ్యి వేస్తే చెయ్యి మణికట్టు దాకా తడిసింది.

"నా కూతురి బిడ్డ ఏడుస్తుందా తల్లీ?" అని అడిగింది.

"ఈ పట్నంలో పుట్టే బిడ్డలందరికీ గొంతు నేనే ఇచ్చాను" అంది కుండ. "ఇప్పుడు నా గొంతే పూడుకుపోయింది. నీ మనవరాలికి ఎక్కడి నుంచి తెచ్చివ్వను?"

అంకాలు లేచింది. జుట్టు ముడేసుకుని వాగు ఒడ్డుకు పోయింది. అక్కడ జనం ముందే పోగయ్యారు. సీమంతం అయ్యాక ఇక పురుడే కదా! నీళ్ళ మీదికి ఒక కొత్త ఉయ్యాల వేలాడదీశారు. గాలి లేకపోయినా ఆ ఉత్త ఉయ్యాల ఊగుతోంది. మేళగాళ్ళు డోళ్ళు బిగించుకుంటున్నారు.

"ఆపండయ్యా!" అని అరిచింది అంకాలు. "వాగుకు పురుడేమిటి? అది చచ్చిపోతోంది."

"తొలి విస్తరి తిన్న నోటితోనే శకునం పలుకుతోంది చూడు" అన్నాడొకడు.

"దీనికి మతి పోయింది" అంది ముసలమ్మ.

భద్రయ్య మాత్రం నేలచూపులు చూశాడు.

"తిన్నాను, అవును" అంది అంకాలు. "మీకంటే ముందు నేనే తిన్నాను. పిల్లొచ్చి నాకు దెబ్బ తగిలిందంటే తలుపేసుకున్నాను. ఆ విస్తరి కోసం కక్కుర్తి పడ్డాను. మీరు తెలీక చేశారు, నేను తెలిసి ఊరుకున్నాను." కొంగుముడి విప్పి ఆకుపచ్చ గుడ్డ భద్రయ్య కాళ్ళ ముందు పడేసింది. "ఇది నీ మనవడి గొంతులోంచి తీశాను బాబూ. ఏ తొట్టిలోదో నువ్వే చెప్పు."

భద్రయ్య ఆ గుడ్డ చూశాడు. రంగుల మనిషికి తన రంగు తెలియదా?

అంతలో పక్కింటి కోటమ్మ పరిగెత్తుకొచ్చింది. "అక్కా! అంకాలక్కా! నాంచారికి నొప్పులొచ్చాయి! రా!"

అంకాలు ఇంటికి ఉరికింది. నాంచారి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, ఎక్కడికీ పోకే. నా దగ్గరే ఉండవే."

పట్నంలో ఎవరెవరి కూతుళ్ళ దగ్గరో కూర్చున్న మనిషి. సొంత కూతురి దగ్గర కూర్చోవాలని ఆమెకు లేదా? ప్రాణం కొట్టుకుపోయింది. కూతురి నుదురు తుడిచి ముద్దుపెట్టుకుంది.

"నీ దగ్గరుంటే బిడ్డను తీస్తానే తల్లీ. గొంతు తియ్యలేను. గొంతు అక్కడుంది." కోటమ్మ వైపు తిరిగింది. "బిడ్డను పట్టుకోవడం, బొడ్డు కొయ్యడం నీకు తెలుసు. గొంతు నేను చూసుకుంటా."

వెనక నుంచి నాంచారి "అమ్మా" అంటూనే ఉంది. అంకాలు వెనక్కి చూడలేదు. చూస్తే పోలేదు.

వాగుకు పట్నం చివర రాతివంతెన ఉండేది. దాని కింద ఒక్కటే తూము. మనిషి వంగి దూరేంత తూము. వేడుకల్లో వదిలినదంతా, విసిరినదంతా కొట్టుకొచ్చి అక్కడే దిగబడింది. చీరలు, దండలు, విస్తళ్ళు, వాటి మీద రంగుమడ్డి. అది గట్టిపడి గోడయింది. అంకాలు నడుంలోతు నీళ్ళలో దిగింది. అలవాటుగా చిటికెనవేలికి గుడ్డ చుట్టుకోబోయింది. ఆ తూము వంక చూసి తనలో తనే నవ్వుకుంది. కొంగు మొత్తం చేతికి చుట్టుకుంది.

భుజం దాకా చెయ్యి పెట్టి లాగింది. ఎర్రమడ్డిలో చుట్టుకుపోయిన చీర వచ్చింది. "ముక్కు తల్లీ, ముక్కు" అంది వాగుతో, నొప్పులు పడే మనిషితో అన్నట్టు. వాగు కదల్లేదు.

తల లోపలికి పెట్టి లాగింది. పచ్చమడ్డిలో కుళ్ళిన దండలు వచ్చాయి. "ముక్కు తల్లీ, ఇంకొంచెం" అంది. వాగు మూలిగింది.

ఒడ్డు మీద జనం నిలబడి చూస్తున్నారు. ఒక్కరు దిగలేదు. చివరికి ముందుగా కదిలినవాడు భద్రయ్య. "అమ్మా, అంకాలమ్మా, నేనూ వస్తున్నా, ఆగు" అంటూ అడుగేశాడు. ఆయన అందుకునేలోపే అంకాలు పాదాలు కూడా తూములోకి వెళ్ళిపోయాయి. లోపలి నుంచి మాట మాత్రం వినపడింది. ఆమె గొంతు పక్కనే ఇంకో గొంతు కూడా వినపడిందంటారు, చిన్నపిల్ల గొంతు.

"ముక్కు తల్లీ. అయిపోయింది. ఇంకొక్కసారి. ఏడు తల్లీ, ఏడు."

అప్పుడు వాగు ఏడ్చింది.

అది నీటి చప్పుడు కాదు, కేక. పట్నంలో గోడలు అదిరాయి. డోళ్ళు కొట్టకుండానే మోగాయి. తూములోంచి ఆకుపచ్చ మడ్డి ఎగజిమ్మింది, దాని వెనకే నీళ్ళు. ముందు మూడు రంగులూ కలిసి పారాయి, తర్వాత బురద, ఆ తర్వాత ఉత్త నీళ్ళు. అదే ఘడియలో నాంచారి బిడ్డ కోటమ్మ చేతుల్లో కేరుమంది. భద్రయ్య మనవడూ కేరుమన్నాడు. ఆ కేకల్లో ఏది వాగుదో, ఏది బిడ్డలదో ఎవరికీ తెలియలేదు.

అంకాలు బయటికి రాలేదు. భద్రయ్య తూము ఈ కొస నుంచి ఆ కొసకు పాకి వెతికాడు. వాగు సముద్రంలో కలిసే చోటు దాకా జనం ఒడ్డు పట్టుకుని వెతుక్కుంటూ పోయారు. చీరపేలిక కూడా దొరకలేదు. నాంచారి బిడ్డకు పాలిస్తూ, "మా అమ్మ ఏది?" అని వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది. ముసలమ్మ గడప ఇవతలికి రావడానికి కూడా సిగ్గుపడి, వాకిట్లోనే కూర్చుని ఏడ్చింది.

భద్రయ్య నలుగురిలో నిలబడి చేసింది ఒప్పుకున్నాడు. తొట్లు మళ్ళీ ఊరి బయట గుంటకు పోయాయి. అందరూ బుద్ధిగా ఉన్నారు. ఎన్నాళ్ళు? మనుషులు కదా. భయం కూడా పాతబడుతుంది.

భద్రయ్య కూతుర్ని చేసుకుని పొరుగూరి నుంచి కొత్తల్లుడొచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇదంతా విని పగలబడి నవ్వాడు. "ఇంత పారే వాగుకు ఒక్క తొట్టి లెక్కా మామా?" అన్నాడు. మామ కొట్టబోతే నవ్వుతూ తప్పుకున్నాడు. ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్నప్పుడు, నీలంరంగు తొట్టి వంతెన మీదికి మోసుకొచ్చాడు. ఒంపబోయాడు. కింద గలగల ఆగిపోయింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. తూములోంచి ఒక ఆడమనిషి గొంతు, చాలా మెల్లగా, లాలనగా వచ్చింది.

"ఆగు నాయనా. అది ఎవరి బిడ్డ నోట్లో పోస్తున్నావు?"

అల్లుడు తొట్టి వంచనూ లేదు, దించనూ లేదు. ఎత్తి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. ఎండ వాలేదాకా అలాగే ఉన్నాడు. జనం వచ్చి తొట్టి దించి, చేతులు కిందికి లాగితే గానీ దిగలేదు. ఏమైందని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. చివరికి పెళ్ళాంతో చెప్పాడు. పెళ్ళాంతో చెబితే పట్నంతో చెప్పినట్టేగా.

అప్పటి నుంచి ఆ పట్నంలో ఒక అలవాటు. అద్దకం నీళ్ళే కాదు, సబ్బునీళ్ళైనా, అంట్లు కడిగిన కుడితైనా, ఏదైనా వాగు పక్కన ఒంపాలంటే ముందు వంగి అడగాలి. "అంకాలమ్మా, పొయ్యనా?" అని. అడిగి ఆగాలి. పసిపిల్లలు కూడా అడుగుతారు. అడగగానే వాగు ఒక్క క్షణం చప్పుడు ఆపి వింటుంది. ఆ క్షణంలో అడిగినవాళ్ళకు, ఎవరింట్లో కడుపుతో ఉన్న ఆడకూతురున్నా గుర్తొస్తుందట. తర్వాత వాగు మళ్ళీ గలగలమంటుంది.

పొయ్యమని ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు కుండ ఎత్తుకుని, అంత దూరమూ నడిచి, గుంటకే పోతారు.

సరే, నేను చెప్పాల్సింది చెప్పాను, మీరు వినాల్సింది విన్నారు. లేవండి, చేతులు కడుక్కోండి. ఆ నీళ్ళు మాత్రం అడక్కుండా కాలవలో పొయ్యకండి.